కిడ్నీ ఎన్ని సెంటీమీటర్లు ఉండాలి? పాఠకుల ప్రశ్నలకు స్కానింగ్ డాక్టరమ్మ జవాబులు

పిత్తాశయంలో రాళ్ల గురించి కిందటి సంచికలో రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కిడ్నీల మీదే ఉన్నాయి. కారణం ఊహించగలను. కడుపునొప్పి అని స్కానింగ్‌కు వస్తారు. రాయి ఉందో లేదో డాక్టరు చెబుతారు. ఇంటికి వెళ్లి కాగితం మొత్తం చదివితే, ఎవరూ వివరించని రెండు అంకెలు కనిపిస్తాయి: కుడి కిడ్నీ ఇంత, ఎడమ కిడ్నీ ఇంత. ఆ రాత్రి నిద్ర పట్టదు. అమలాపురంలో స్కానింగ్ గదిలో కూర్చుని ఆ అంకెలు రాయడమే ఇన్నేళ్లుగా నా పని కాబట్టి, వాటికి జవాబు చెప్పవలసిన బాధ్యతా నాదే. ఈసారి పేజీ అంతా దానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు, గుర్తులు తీసేశాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లె. మా వారికి 61 ఏళ్లు. కొబ్బరి వ్యాపారం. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బక్కపలచని మనిషి. కడుపు ఉబ్బరంగా ఉంటోందని స్కానింగ్ చేయిస్తే కుడి కిడ్నీ 8.9 సెం.మీ., ఎడమ కిడ్నీ 9.4 సెం.మీ. అని రాశారు. కార్టెక్స్ మందం మామూలుగా ఉందనీ, సీఎండీ బాగుందనీ కూడా రాశారు. డాక్టరు గారు భయం లేదన్నారు. కానీ మా తోటికోడలి కొడుకు ఫోనులో చూసి, "మామూలుగా 11, 12 ఉండాలి, పెదనాన్న కిడ్నీలు కుంచించుకుపోతున్నాయి" అన్నాడు. అప్పటి నుంచి ఆయన సరిగా అన్నం తినడం లేదు. మా ఊళ్లో ఒకాయన మూడు నెలలు చూర్ణం వాడితే కిడ్నీ మళ్లీ పెరుగుతుందంటున్నాడు. నెలకు నాలుగు వేలట. ఇప్పించమంటారా?

జవాబు: ఇప్పించకండి అమ్మా. ముందు ఆయన చేత కడుపునిండా అన్నం తినిపించండి. మీరు రాసినదాన్ని బట్టి ఆయన కిడ్నీలు ఆయన వయసుకూ ఎత్తుకూ తగినట్టే ఉన్నాయి.

మీ అబ్బాయి ఫోనులో చూసింది అబద్ధం కాదు, కానీ సగమే చూశాడు. పెద్దవాళ్లలో కిడ్నీ పొడవు సాధారణంగా 9 నుంచి 12 సెం.మీ. దాకా ఉంటుంది. వెడల్పు 5, 6 సెం.మీ., మందం 3, 4 సెం.మీ., బరువు 120 నుంచి 170 గ్రాములు. పుస్తకాల్లో కనిపించే 11, 12 అంకెలు చాలావరకు మనకంటే పొడుగూ లావూ ఉన్న దేశాలవారిని కొలిచి రాసినవి. కిడ్నీ పొడవు మనిషి ఎత్తును బట్టి, ఒంటి పరిమాణాన్ని బట్టి మారుతుంది. ఆరడుగుల మనిషికి 9 సెం.మీ. కిడ్నీ ఉంటే నేను ఒకటికి రెండుసార్లు చూస్తాను. అయిదడుగుల మనిషికి అదే 9 ఉంటే ఆగకుండా తరువాతి అవయవానికి వెళ్తాను. ఆడవాళ్లలో మగవాళ్ల కంటే కాస్త చిన్నగా ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డకు నాలుగున్నర సెం.మీ. అటూ ఇటూ ఉండి, పిల్లలతో పాటే పెరుగుతాయి.

మీ వారి కుడి కిడ్నీ ఎడమదాని కంటే అర సెం.మీ. చిన్నదని కూడా మీకు దిగులు ఉండవచ్చు. అదీ మామూలే. కుడివైపు పైన కాలేయం కూర్చుంటుంది కాబట్టి అటు కిడ్నీ కాస్త కిందికి, కాస్త పొట్టిగా ఉంటుంది. రెండింటి మధ్య తేడా ఒకటిన్నర సెం.మీ. దాటితే అప్పుడు ఎందుకని అడగాలి.

వయసు సంగతి. పుట్టినప్పుడు ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల వడపోత గొట్టాలు ఉంటాయి. తరువాత కొత్తవి పుట్టవు. నలభై, యాభై దాటాక వాటిలో కొన్ని తగ్గుతూ వస్తాయి, పైపొర అయిన కార్టెక్స్ పలచబడుతుంది, పొడవూ కొంచెం కొంచెంగా తగ్గుతుంది. ముప్పై ఏళ్ల వయసులో ఆయన కిడ్నీని ఎవరైనా కొలిచి ఉంటే పదికి దగ్గరగా ఉండేదేమో. జుట్టు నెరిసినవాళ్లందరిలోనూ జరిగే మార్పు ఇది. దీన్ని జబ్బు అనరు.

ఇక కొలిచే పద్ధతి. మేము కొలిచేది తెర మీద కనిపించే కోతను. దోసకాయను నిలువునా సరిగ్గా మధ్యలో కోస్తే దాని పూర్తి పొడవు కనిపిస్తుంది, కాస్త పక్కకు జరిగి కోస్తే ముక్క పొట్టిగా వస్తుంది. కిడ్నీ వీపు వైపు ఏటవాలుగా ఉంటుంది. దాని మీద పక్కటెముకల నీడ పడుతుంది, పేగుల్లో గాలి అడ్డం వస్తుంది. మనిషి ఊపిరి గట్టిగా పీల్చి ఆపితే కిడ్నీ కిందికి దిగి పూర్తిగా కనిపిస్తుంది. ఆయాసపడే మనిషి అలా ఆపలేడు. అందుకే ఒకే మనిషికి ఒకే వారంలో రెండు చోట్ల చేయిస్తే అర సెం.మీ. తేడా రావడం రోజూ చూసే విషయమే. నిరుడు 9.8, ఈ ఏడు 9.4 అని రాగానే కుంచించుకుపోయిందని ఎవరూ అనకూడదు.

అసలు చూడవలసింది పొడవు పక్కనే మేము రాసే మాటలు. వాటిని ఎవరూ చదవరు. కార్టెక్స్ మందం ఎంత, అంచులు నున్నగా ఉన్నాయా గుంటలు పడ్డాయా, కిడ్నీ తెల్లదనం పక్కనున్న కాలేయం కంటే ఎక్కువగా ఉందా, పైపొరకూ లోపలి భాగానికీ మధ్య తేడా తెలుస్తోందా అన్నవే కిడ్నీ ఆరోగ్యం చెబుతాయి. చివరిదాన్నే సీఎండీ అని పొట్టిగా రాస్తాం. మీ వారి కాగితంలో అది బాగుందని ఉంది, కార్టెక్స్ మామూలుగా ఉందని ఉంది. 8.9 అంకె పక్కన ఈ రెండు మాటలు ఉన్నంత వరకు నాకు దిగులు లేదు.

చూర్ణం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. దీర్ఘకాలిక జబ్బుతో నిజంగా కుంచించుకుపోయిన కిడ్నీలో వడపోత గొట్టాల స్థానంలో మచ్చ కట్టిన కణజాలం మిగులుతుంది. దాన్ని పెంచి మళ్లీ పని చేయించే మందు ఏ వైద్యంలోనూ లేదు. ఏమి కలిపారో తెలియని పొడుల్లో సీసం, పాదరసం ఉన్న సందర్భాలు ఉన్నాయి. 1990లలో బెల్జియంలో బరువు తగ్గించే మందుల్లో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉన్న మూలిక కలిసి, ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకు కిడ్నీలు పూర్తిగా పోయాయి. సంక్రాంతి రోజుల్లో కొండపిండాకు కూర వండుకుంటే నేను వద్దనను, మా ఇంట్లోనూ వండుతాం. కూర వేరు, నెలల తరబడి మింగే పేరు లేని పొడి వేరు.

ఆ నాలుగు వేలలో కొద్ది భాగం పెట్టి ఆయనకు నాలుగు పరీక్షలు చేయించండి: బీపీ, షుగరు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటికి పంపవలసిన వ్యర్థం), మూత్రంలో అల్బుమిన్ (రక్తంలో ఉండవలసిన ప్రొటీను). చివరిది మాత్రం మరవకండి. కిడ్నీ పనితనం సగానికి పడిపోయేదాకా క్రియాటినిన్ పెరగకపోవచ్చు. మూత్రంలో అల్బుమిన్ చాలామందిలో అంతకంటే ఏళ్ల ముందే కనిపిస్తుంది. ఈ నాలుగూ బాగుంటే కిడ్నీ కొలత సంగతి మరిచిపోండి. కాగితం మాత్రం పారేయకండి. అయిదేళ్ల తరువాత ఇంకో స్కానింగ్ అవసరమైతే, పక్కన పెట్టి చూడడానికి ఈ 8.9, 9.4 అంకెలకు బంగారమంత విలువ ఉంటుంది. మన వైపు పొలం కాగితాలు మూడు తరాలు దాస్తారు, రిపోర్టులు మాత్రం పండగ శుభ్రంలో బయటికి పోతాయి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. భీమవరం పక్కన రొయ్యల చెరువుల మీద పని. రాత్రుళ్లు ఏరియేటర్ల దగ్గర కాపలా. తరచూ తలనొప్పి వస్తుంటే ఊళ్లో వైద్య శిబిరంలో చూపించుకున్నాను, బీపీ 160/100 ఉంది. స్కానింగ్‌లో కుడి కిడ్నీ 7.3 సెం.మీ., అంచుల్లో మచ్చలు, ఎడమ కిడ్నీ 12.4 సెం.మీ. అని వచ్చింది. క్రియాటినిన్ 1.0. చిన్నది పని చేయకపోయినా పెద్దది ఉంది కదా, ఏమీ అక్కర్లేదు అని ఒకరు, ఇంత పెద్దగా ఉందంటే దానిలో గడ్డ ఉందేమో అని ఇంకొకరు అంటున్నారు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ఇంట్లో చెప్పాలా వద్దా అర్థం కావడం లేదు. మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదు.

జవాబు: బాబూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నేను ముందు విప్పి జవాబు రాయాలనుకున్నది మీదే. పత్రిక మీ చేతికి వచ్చేలోగా ఆలస్యమవుతుందని సంపాదకుల ద్వారా మీకు విడిగా కబురు కూడా పంపాను. మీలాంటివారు ఇంకా ఉంటారు కనుక ఇక్కడా రాస్తున్నాను.

మీ ఎడమ కిడ్నీ పెద్దదవడం మంచి కబురు. ఒకటి చిన్నప్పుడే దెబ్బతింటే రెండోది ఆ పని కూడా తన మీద వేసుకుని పెరుగుతుంది. ఒకే కిడ్నీతో పుట్టినవారిలోనూ, తమ్ముడికో బిడ్డకో కిడ్నీ ఇచ్చినవారిలోనూ మిగిలినది ఇలాగే పెరుగుతుంది. గడ్డ ఉంటే ఆకారం ఒకచోట ఉబ్బి కనిపిస్తుంది, స్కానింగ్ చేసినవారు దాన్ని తప్పకుండా రాసేవారు. మీ క్రియాటినిన్ 1.0 దగ్గర ఉందంటే ఆ పెద్ద కిడ్నీ తన పని చేస్తోందన్న మాట.

చిన్నది ఎందుకు చిన్నదైందన్నదే ప్రశ్న. మచ్చలు అని రాశారు కాబట్టి నాకు మొదట వచ్చే అనుమానం మీ బాల్యం మీదికి పోతుంది. మీ అమ్మగారిని అడగండి: చిన్నప్పుడు తరచూ చలిజ్వరం వచ్చేదా, మూత్రం పోస్తూ ఏడ్చేవాడినా అని. కొందరు పిల్లల్లో మూత్రాశయం నుంచి మూత్రం వెనక్కి కిడ్నీలోకి తన్నుకొస్తుంది. దానితో పాటు క్రిములు చేరి, జ్వరం వచ్చిన ప్రతిసారీ కిడ్నీలో ఒక మచ్చ మిగులుస్తాయి. జ్వరం బిళ్లతో జ్వరం తగ్గిందనుకుంటారు, మూత్రం పరీక్ష ఎవరూ చేయించరు. పుట్టుకతోనే కిడ్నీ చిన్నగా ఉండేవారూ ఉంటారు, కానీ వారిలో అంచులు సాధారణంగా నున్నగా ఉంటాయి. ఇంకో కారణం, కిడ్నీకి వెళ్లే రక్తనాళం సన్నబడడం. పొగతాగే పెద్దవాళ్లలో కొవ్వు పేరుకుని ఇలా అవుతుంది. మీ వయసువారిలో రక్తనాళాల గోడ వాపు వల్ల కూడా జరుగుతుంది. రక్తం తక్కువైన కిడ్నీ ఒంట్లో బీపీ పడిపోయిందని భ్రమపడి బీపీ పెంచే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది, దానితో బీపీ ఎక్కుతుంది. మీ తలనొప్పికి మూలం అక్కడ ఉండవచ్చు.

అందుకని "పెద్దది ఉంది కదా" అన్నవారి మాట పూర్తిగా తప్పు. ఆ 160/100 ఇప్పుడు రోజూ దెబ్బ కొడుతున్నది మీ మంచి కిడ్నీనే. ఈ వారమే కిడ్నీ డాక్టరును కలవండి. ఈ జిల్లాలవారికి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, మీకు దగ్గరలో ఇంకెవరైనా ఉంటే వారైనా సరే. రక్తనాళాలకు డాప్లర్, అంటే రక్తం ఎలా పారుతోందో చూసే స్కానింగ్, చేస్తారు. రెండు కిడ్నీల్లో ఒక్కోటి ఎంత శాతం పని చేస్తోందో చెప్పే డీఎంఎస్ఏ స్కాన్ అవసరం కావచ్చు. బీపీ మాత్రల్లో కొన్ని రకాలు మొదలుపెట్టాక ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి, కాబట్టి మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి. రాత్రి కాపలాలో నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు వేసుకునే అలవాటు చెరువుల మీద చాలామందికి ఉంటుంది. మీరు ఇక మానేయాలి.

పెళ్లి సంగతి. ఒక కిడ్నీతో పూర్తి జీవితం గడిపినవారిని ఎందరినో చూశాను. పిల్లలు పుట్టడానికీ మీ పనికీ ఇది అడ్డు కాదు. దాచవద్దనే నా సలహా. రోజూ బీపీ మాత్ర వేసుకోవలసిన మనిషి ఇంట్లో దాచుకుని వేసుకోలేడు. దాచబోయి మానేస్తాడు. మీ ఇంట్లో చెప్పండి, అమ్మాయి తరఫువారికి మీ పెద్దల చేత చెప్పించండి. వాళ్లు డాక్టరుతో మాట్లాడతామంటే తీసుకెళ్లండి.

ప్రశ్న: కొత్తపేట నుంచి రాస్తున్నాను. వయసు 52. పద్నాలుగేళ్లుగా షుగరు. ఈమధ్య సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయి. క్రియాటినిన్ 1.8 వచ్చింది. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ 11.6 సెం.మీ., సైజు మామూలే అని రాశారు. సైజు బాగుంటే కిడ్నీ బాగున్నట్టే, క్రియాటినిన్ నీళ్లు తాగక పెరిగి ఉంటుంది అన్నారు తెలిసినవారు. మా పెరట్లో కాయలే కనుక రోజూ రెండు బొండాలు తాగుతున్నాను. మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ గారు ఇచ్చే బిళ్లలు వాడుతున్నాను. ఇంకేమి జాగ్రత్త తీసుకోవాలి?

జవాబు: అమ్మా, రెండు పనులు ఈ రోజే ఆపండి: ఆ బొండాలు, ఆ బిళ్లలు. ఎందుకో చెబుతాను.

కిడ్నీ జబ్బు ముదిరితే కిడ్నీ చిన్నదవుతుందన్నది చాలా జబ్బుల్లో నిజం. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ, వడపోత జల్లెడకు వచ్చే దీర్ఘకాలిక వాపు, ఇవన్నీ కిడ్నీని కుదిస్తాయి. షుగరు మాత్రం మొదట్లో దానికి వ్యతిరేకంగా నడుస్తుంది. రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు కిడ్నీ తన శక్తికి మించి వడపోస్తుంది, ఆ శ్రమతో పెరుగుతుంది. జబ్బు చాలా దూరం వెళ్లాక కూడా పొడవు 11, 12 దగ్గరే నిలుస్తుంది. అందుకే షుగరు ఉన్నవారి విషయంలో కొలత మామూలుగా ఉందన్న మాటను నేను ఊరటగా చెప్పను. అమిలాయిడ్ అనే ప్రొటీను పేరుకునే జబ్బులోనూ, హెచ్ఐవీ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులోనూ ఇంతే.

మీ వయసుకు 1.8 క్రియాటినిన్ అంటే వడపోత సామర్థ్యం నిమిషానికి సుమారు 33 మిల్లీలీటర్లు. ఆరోగ్యవంతుల్లో ఇది 90 పైన ఉంటుంది. నీళ్లు తాగకపోవడం వల్ల పెరిగిందని కాళ్ల వాపు ఉన్న మనిషికి చెప్పడం నాకు చాలా బాధ కలిగించింది. మీకు మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష వెంటనే కావాలి. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. షుగరు ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి దీన్ని చేయించుకోవాలి. కంటి లోపలి పొరను కూడా చూపించుకోండి, కళ్లూ కిడ్నీలూ షుగరుకు తరచూ కలిసే దెబ్బతింటాయి.

బొండం నీళ్ల సంగతి. కోనసీమలో పుట్టినదాన్నే, ఎండలో నడిచి వచ్చినవారికి బొండం కొట్టి ఇవ్వడం మన మర్యాద. కానీ ఒక గ్లాసు కొబ్బరి నీళ్లలో పొటాషియం 500, 600 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మంచి కిడ్నీ దాన్ని గంటల్లో బయటికి పంపేస్తుంది. మీ కిడ్నీ పంపలేకపోవచ్చు. బీపీకి టెల్మిసార్టాన్ వంటి మాత్ర వాడుతుంటే పొటాషియం ఇంకా నిలుస్తుంది. అది హద్దు దాటితే ఏ హెచ్చరికా లేకుండా గుండె లయ తప్పుతుంది. రక్తంలో పొటాషియం చూపించుకుని, మీ డాక్టరు సరేనంటేనే మళ్లీ ముట్టుకోండి. రావులపాలెం అరటిపళ్లకూ ఇదే మాట. బజారులో తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదానిలోనూ పొటాషియమే ఉంటుంది, అది వద్దు. మామూలు ఉప్పు రోజుకు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు. ఎండు చేపలూ ఆవకాయా ఇంట్లో ఉంటే ఆ లెక్క మధ్యాహ్నానికే దాటిపోతుంది.

నొప్పి బిళ్లల్లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటివి కిడ్నీకి వచ్చే రక్తాన్ని తగ్గిస్తాయి. మోకాళ్లకు కాపడం, వ్యాయామం, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఉన్నాయి. ఊడ్పుల రోజుల్లో ఆర్‌ఎంపీల దగ్గర బిళ్లలూ సూదులూ ఎంత తేలికగా దొరుకుతాయో నాకు తెలుసు. ఇచ్చేవారికి మీ క్రియాటినిన్ తెలియదు, మీరు కాగితం చూపించి వద్దనండి.

మీ షుగరు మందుల్లో మెట్‌ఫార్మిన్ ఉంటే ఈ స్థాయిలో మోతాదు తగ్గించాలి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు షుగరు రోగుల్లో కిడ్నీ జబ్బు వేగాన్ని తగ్గిస్తాయని రుజువైంది, ఇప్పుడు తక్కువ ధరలోనూ దొరుకుతున్నాయి. మీకు తగునో లేదో డాక్టరును అడగండి. 33 దగ్గర పట్టుకున్నాం కాబట్టి డయాలిసిస్‌ను చాలా ఏళ్లు దూరం పెట్టే అవకాశం ఇంకా మీ చేతుల్లో ఉంది.

ప్రశ్న: మాది గౌతమి ఒడ్డున లంక గ్రామం. నిరుడు సార్వా ఊడ్పుల్లో వరదనీళ్లు వచ్చి తీశాక మా తమ్ముడికి జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం, తరువాత కామెర్లు వచ్చాయి. మూత్రం ఆగిపోతే కాకినాడ తీసుకెళ్లాం. అప్పుడు కిడ్నీలు 12.8 సెం.మీ. ఉన్నాయి, కొద్ది రోజులు డయాలిసిస్ చేశారు. ఎలుకల జ్వరం అన్నారు. ఇప్పుడు 10.9 సెం.మీ., క్రియాటినిన్ 1.1. కిడ్నీ తగ్గిపోతోందని మా అమ్మ ఏడుస్తోంది. ఉద్దానం జబ్బు మా ఊరికీ వచ్చిందా అని ఊళ్లో అనుకుంటున్నారు.

జవాబు: మీ అమ్మగారికి చెప్పండి, అది తగ్గిపోవడం కాదు, వాపు తీయడం. మీరు పంపిన రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో కాళ్ల పగుళ్లు, గాయాల గుండా లెప్టోస్పైరా అనే క్రిమి ఒంట్లోకి వెళ్లి కిడ్నీ లోపలి కణజాలాన్ని వాచేలా చేస్తుంది. హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీ ఇలా మామూలుగానో పెద్దగానో ఉంటుంది. అసలు మూత్రం ఆగిన మనిషి స్కానింగ్‌కు వచ్చినప్పుడు మేము మొదట చూసేది ఇదే: కిడ్నీలు చిన్నవై తెల్లబడి ఉంటే జబ్బు ఎప్పటి నుంచో ఉందని, మందంగా పెద్దగా ఉంటే ఇప్పుడే వచ్చింది, తిరిగి కోలుకునే ఆశ ఉందని. మీ తమ్ముడి కిడ్నీ 12.8 నుంచి 10.9కి వచ్చి, క్రియాటినిన్ 1.1కి దిగిందంటే కోలుకున్నాడు.

ఉద్దానం వేరు. అది ఇక్కడికి చాలా దూరాన శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల ఉన్న సమస్య. అక్కడ ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా కిడ్నీలు కుంచించుకుపోతాయి, జ్వరం రాదు, మూత్రంలో ప్రొటీను కూడా పెద్దగా పోదు. ఒకే కారణం అని ఇంతవరకు తేలలేదు. మీ తమ్ముడి కథలో ఒక్కటీ దానితో కలవదు.

అయితే ఒకసారి డయాలిసిస్ దాకా వెళ్లిన కిడ్నీకి ముందుముందు దీర్ఘకాలిక జబ్బు వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించాలి. ఈ ఏడు ఊడ్పులకు దిగే ముందు కాళ్ల పగుళ్లకు కట్టు, వీలైతే రబ్బరు బూట్లు. వరద తీశాక పొలంలో దిగినవారెవరికైనా జ్వరంతో పాటు పిక్కలు నొక్కితే భరించలేనంత నొప్పి ఉంటే రెండో రోజుకే పెద్ద డాక్టరుకు చూపించండి. తొలిరోజుల్లో డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి సాధారణ మందులతోనే తగ్గుతుంది.

ప్రశ్న: మండపేటలో ఉపాధ్యాయుణ్ని, 48 ఏళ్లు. నా కిడ్నీలు 17, 18 సెం.మీ., నిండా నీటి తిత్తులు. మా అమ్మ కిడ్నీ జబ్బుతోనే పోయింది. మా అమ్మాయిలకు 22, 19 ఏళ్లు. వారికి స్కానింగ్ చేయించాలా?

జవాబు: మాస్టారూ, ఇది వంశంలో వచ్చే పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు. ఒక్కో బిడ్డకు రావడానికి సగానికి సగం అవకాశం ఉంటుంది. ఒకరికి వస్తే రెండోవారికి రాదన్న లెక్క లేదు. ఇరవైల్లో స్కానింగ్ బాగున్నా పూర్తిగా తోసిపుచ్చలేం. నలభై దాటాక తిత్తులు లేకపోతే లేనట్టే. పిల్లలు పెద్దవాళ్లు కనుక, చేయించుకోవాలా వద్దా అన్నది వారికి విడమరిచి చెప్పి వారినే నిర్ణయించుకోనివ్వండి. బీపీ మాత్రం ఇద్దరికీ ఇప్పటి నుంచే ప్రతి ఏడాదీ చూపించండి, ఈ జబ్బులో బీపీ ముందే పెరుగుతుంది. రేపు మీకు కిడ్నీ ఇవ్వడానికి ఇంట్లోవారు ఎవరు ముందుకు వచ్చినా మొదట వారికి ఈ జబ్బు లేదని తేల్చుకోవాలి. మీ వంశంలో ఎవరికైనా మెదడులో రక్తనాళం చిట్లి ఉంటే ఆ మాట మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. కిడ్నీ ఎంత వేగంగా పెరుగుతోందన్నది ఈ జబ్బులో చాలా ముఖ్యం. వేగంగా పెరిగేవారికి దాన్ని మందగింపజేసే టోల్వాప్టాన్ అనే మందు ఉంది.

ఇది చదివి, రిపోర్టులో ఒక తిత్తి అని ఉన్న మిగతావారు కంగారుపడకండి. యాభై దాటినవారిలో ఒకటీ రెండూ మామూలు నీటి తిత్తులు తరచూ కనిపిస్తాయి.

ప్రశ్న: పాలకొల్లు నుంచి. మా కోడలికి ఆరో నెల. స్కానింగ్‌లో కుడి కిడ్నీలో కొద్దిగా నీరు నిలిచింది, సైజు కాస్త పెరిగింది అని రాశారు. ప్రమాదమా?

జవాబు: నొప్పి, జ్వరం, మూత్రంలో మంట లేకపోతే భయం లేదమ్మా. గర్భిణుల్లో రక్తం పరిమాణం పెరిగి కిడ్నీలు ఒక సెం.మీ. దాకా పెరుగుతాయి. గర్భసంచి ఎక్కువగా కుడివైపు ఒరిగి మూత్రనాళాన్ని నొక్కుతుంది, అందుకే కుడివైపే ఎక్కువ కనిపిస్తుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే కొంత సుఖంగా ఉంటుంది. స్కానింగ్‌కు ముందు మరీ ఎక్కువ నీళ్లు తాగించి మూత్రాశయం పగిలేలా నింపినా కిడ్నీలో నీరు నిలిచినట్టు కనిపిస్తుంది. ఈసారి మూత్రానికి వెళ్లి వచ్చాక ఇంకోసారి చూడమని అడగండి. చలిజ్వరం గానీ, నడుం పక్కన పొడిచే నొప్పి గానీ వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమీ లేకపోతే ప్రసవం తరువాత రెండు, మూడు నెలలకు ఒకసారి స్కానింగ్ చేయించి, నీరు తీసిందో లేదో చూపించుకోండి.